ఒక్క దెబ్బా కొట్టని సారు

మా లెక్కల సారు పోయారన్న కబురు నాకు ఫోన్లోనే తెలిసింది. డోర్నకల్‌లో బడి వదిలి ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వాట్సాప్ తెరిచాను. కొడకండ్లలో నాతో, నా ముందూ వెనకా చదువుకున్నవాళ్ల గ్రూపు అది. సారు ఫొటో, దాని చుట్టూ దండ బొమ్మ, కింద దీపాల బొమ్మలు, ఆ కింద జోడించిన చేతులు బారులు బారులు. తర్వాత పొగడ్తలు మొదలయ్యాయి.

"చెవి పిండి లెక్కలు నేర్పిన దేవుడు" అని ఒకరు. "ఆ చెవి నొప్పి వల్లే ఈ రోజు ఇంజనీరునయ్యాను" అని ఇంకొకరు. "ఒక్క దెబ్బ కొట్టలేదు, మహానుభావుడు" అని వేరొకరు. "పల్లెత్తు మాట అనలేదు, వెన్నలాంటి మనసు" అని మరొకరు.

నేను పైనుంచి కిందికి చదివాను, మళ్లీ కిందినుంచి పైకి చదివాను. అన్నీ తెలిసిన పేర్లే. ఎవరి ఇల్లు ఏ వాడలో ఉండేదో కూడా తెలుసు. చెవి పిండించుకున్నవాళ్లంతా ఊళ్లో పెద్ద ఇళ్ల పిల్లలు. ఒక్క దెబ్బా తిననివాళ్లంతా దళితవాడ పిల్లలు, మా తండా పిల్లలు. ఇన్నేళ్లయినా ఒక్కరికీ అనుమానం రాలేదు. రెండు వరుసల్లో నిలబడి ఒకే మనిషికి దండలు వేస్తున్నారు. ఫోన్ బోర్లా పెట్టేసి వంటింట్లోకి పోయాను.

ఆయన పేరు రాయను. రాస్తే ఆయనొక్కడే అలాంటివాడనుకుని అందరూ హాయిగా నిద్రపోతారు. కులం పేరూ రాయను. ఊళ్లో పెద్ద కులం, అంతే.

మనిషి శుభ్రంగా ఉండేవాడు. తెల్ల చొక్కా, మోచేతుల దాకా మడిచిన చేతులు, బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం. క్లాసులోకి రాగానే ఆ లవంగాన్ని ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చేవాడు. పాఠం మొదలైందని మాకు అదే గుర్తు. గొంతు పెంచేవాడు కాదు. ప్రతి ఏడూ టీచర్ల పండుగ నాడు మైకు ముందు ఒకే మాట: "నాకు కులం లేదు, మతం లేదు. నా ముందు కూసున్నోళ్లందరు నా బిడ్డలే." మేం చప్పట్లు కొట్టేవాళ్లం. గట్టిగా కొట్టింది కూడా మేమే.

ఆయనకు రెండు రకాల పిలుపులుండేవి. తన వాళ్ల పిల్లలను "ఒరేయ్ గాడిద", "ఏందిరా దున్నపోతా" అనేవాడు. మమ్మల్ని మాత్రం "బిడ్డా", "నాయినా", "తల్లీ" అనేవాడు. బయట ఎవరూ మమ్మల్ని అలా పిలిచేవాళ్లు కాదు. అంగడికి పోతే "ఏయ్ లంబాడీ" అనేవాళ్లు. అలాంటి ఊళ్లో ఒక పెద్దమనిషి "తల్లీ" అంటే ప్రాణం లేచొచ్చేది. మా తండా పిల్లలం ఇంటికి పోయేటప్పుడు దారంతా ఆ పిలుపు గురించే చెప్పుకునేవాళ్లం.

ఇక బోర్డు సంగతి. రోజూ ఒక్కొక్కరిని పిలిచి లెక్క చేయించేవాడు. పెద్ద ఇంటి పిల్లవాడు వచ్చి తప్పు చేశాడనుకోండి, సారు వెనక నుంచి నెమ్మదిగా వచ్చి చెవి పట్టుకునేవాడు. మెలితిప్పేవాడు. "యాడ తప్పింది? మల్ల జూడు. ఇంకోపారి జెయ్. అది గాదురా గాడిద, మల్ల జెయ్." పిల్లవాడు ఏడుస్తూ చెరిపి రాసేవాడు, మళ్లీ చెరిపి రాసేవాడు. లెక్క వచ్చేదాకా చెవి వదిలేవాడు కాదు. లెక్క వచ్చాక వీపు తట్టి పంపేవాడు.

మేం పోతే అలా కాదు. సగం చేశామో లేదో, డస్టర్ పట్టుకుని పక్కకు వచ్చేవాడు. "ఇగ చాలు బిడ్డా. కూసో." మా చేతిలోంచి చాక్‌పీస్ మెత్తగా తీసుకుని, మేం రాసింది మెత్తగా తుడిచేసేవాడు. తప్పో ఒప్పో చెప్పేవాడు కాదు. చాలన్నాడంటే సరిగ్గా ఉన్నట్టే కదా అనుకుని, చెవులు భద్రంగా ఉన్నందుకు సంతోషపడి, వచ్చి కూర్చునేవాళ్లం.

బీసీ పిల్లల దగ్గర మాత్రం ఆయన లెక్క కాస్త చిక్కుగా ఉండేది. బీసీల్లో ఏ గ్రూపు వాళ్లకు సర్కారు ఎంత ఇస్తుందో ఆయనకు కంఠతా వచ్చు. గ్రూపును బట్టి చెవి పట్టు మారేది. కొందరిది కాస్త గట్టిగా, కొందరిది తాకీ తాకనట్టు. నేను నవ్వించడానికి చెప్పడం లేదు, కళ్లారా చూసిందే.

ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ అని ఒకటుంటుంది, ఎనిమిదో తరగతి దాటిన వాళ్లందరికీ తెలుసు. దాన్ని విప్పితే మధ్యలో టూ ఏబీ రావాలి. నేను ప్రతిసారీ ఏ స్క్వేర్ ప్లస్ బీ స్క్వేర్ అని రాసి చేతులు దులుపుకునేదాన్ని. సారు "చాలు తల్లీ" అని తుడిచేవాడు. నా తర్వాత వచ్చిన పిల్లవాడు కూడా అదే తప్పు చేస్తే, చెవి మెలేసి, "టూ ఏబీని మీ తాత మింగిండార?" అనేవాడు. క్లాసంతా నవ్వేది, నేనూ నవ్వేదాన్ని. ఆ తిట్టు వాడికి కదా అనుకున్నాను. నా లెక్క సరైనదే, నన్ను చాలన్నాడు కదా. చిన్నపిల్లకు అంతకంటే ఏం తడుతుంది?

ఒకసారి మా బాపు బడికి వచ్చాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకుని, చేలో తెంపిన బీరకాయలు సంచినిండా తెచ్చాడు. సారు గది గడప బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, బాపు పోలేదు.

"సారు, నా బిడ్డ ఎట్ల సదువుతాంది?" అని అడిగాడు.

సారు లవంగం మార్చి, నవ్వి, "ఏం ఫికర్ జెయ్యకు నాయక్. నీ బిడ్డకు ఏం రంది లేదు. పాసైతే చాలు, మిగిలింది సర్కారు జూసుకుంటది" అన్నాడు. బీరకాయలు మాత్రం అటెండరు లోపలికి తీసుకుపోయాడు.

బాపు తండాకు వచ్చి నలుగురికీ చెప్పుకున్నాడు, నా బిడ్డకు రంది లేదని సారు అన్నాడని. మా అమ్మ, మా యాడీ, ఆ పూట నాకు నెయ్యి వేసి అన్నం పెట్టింది. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. నమ్మి తలపాగా తీసిన మనిషికి చెప్పే మాటేనా అది?

టెన్త్‌లో గట్టెక్కాను. లెక్కల మార్కులు చెప్పుకునేవి కావు కానీ గట్టెక్కాను. జనగామలో ఇంటర్‌లో చేరాను, లెక్కల గ్రూపే తీసుకున్నాను. తీసుకోనా మరి? నాకు లెక్కలు బాగా వచ్చు కదా. మొదటి వారంలోనే లెక్చరర్ బోర్డు దగ్గరికి పిలిచాడు. ఏ స్క్వేర్ ప్లస్ బీ స్క్వేర్ అని రాసి, అలవాటుగా చాక్‌పీస్ ఇవ్వబోయాను. ఆయన తీసుకోలేదు. "టూ ఏబీ ఏదమ్మా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. వెనక బెంచీలోంచి ఎవడో "కోటా" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ రోజే తెలిసింది నాకు. చిన్నప్పటి నుంచి చేసిన ప్రతి లెక్కా గుర్తొచ్చింది, ప్రతిసారీ డస్టర్ పట్టుకుని వచ్చిన ఆ మెత్తటి చెయ్యి గుర్తొచ్చింది. అన్నీ తప్పులే. ఆయన ఒక్కటీ చెప్పలేదు. తెలియక కాదు, చూసి చెప్పలేదు. బాగు చేయాల్సినంత విలువ మాకు లేదనుకుని తుడిచేశాడు.

హాస్టల్‌లో నా గదిలో పద్మక్క అని ఒకామె ఉండేది, నాకంటే ఏడాది పెద్ద. ఏడుస్తుంటే అడిగింది, చెప్పాను. "ఏడిస్తే టూ ఏబీ వస్తదా? తీయ్ పుస్తకం" అంది. ఆ ఏడాదంతా ఆమె నన్ను అనని మాట లేదు. "తప్పు. మల్ల జెయ్. తప్పు. నీ మొఖం, ఇది గూడ తప్పే." ఆ మాట ఇంకా ఇంకా వినాలని నాకు ఆకలేసినట్టుండేది. ఒక మనిషి నా తప్పును అంత పట్టించుకోవడం నాకదే మొదటిసారి. నాకు లెక్కలు వచ్చిందీ అక్కడే, నేను లెక్కల టీచరునైందీ అందుకే.

కాటారంలో నేను పనిచేస్తుండగా సారు హెడ్‌మాస్టర్‌గా బదిలీ మీద వచ్చారు. నన్ను చూడగానే మొహం వెలిగిపోయింది. అది నటన కాదు, నిజంగానే సంతోషపడ్డాడు. అదే నాకు ఇంకా అసహ్యం. స్టాఫ్ రూమ్‌లో అందరి ముందు నా తల మీద చెయ్యి పెట్టి, "నా శిష్యురాలు. ఎస్టీ కోటాల నౌకరి సంపాయించింది. నా చేతుల మీద పెరిగిన పిల్ల" అన్నాడు.

"కోటా కాదు సార్. ఓపెన్‌లో వచ్చింది" అన్నాను. నిజమే చెప్పాను. నా మార్కులు జనరల్ లిస్టులోనే ఉన్నాయి.

లవంగం ఆగిపోయింది. తర్వాత ఎంతో బాధగా, "అట్లనా. అంటె మా పోరగాడెవనిదో ఒక సీటు పోయిందన్నట్టు" అన్నాడు.

కోటాలో వస్తే తెలివి లేదు. ఓపెన్‌లో వస్తే దొంగతనం. ఇక మేం ఎటు నుంచి రావాలి, గోడ దూకా? ఆ మాట ఆయనతో అనాలనిపించింది. అప్పటికే ఆయన అటెండరును చాయ్ తెమ్మంటున్నాడు, నాకు చక్కెర ఎక్కువ వేయించమని కూడా చెప్పాడు.

అక్కడ ఆయనను రోజూ చూడాల్సి వచ్చింది. పేపర్లో ఏ వంతెన కూలినా "ఎవడో కోటా ఇంజనీరు కట్టిండొచ్చు" అనేవాడు, కట్టిన కాంట్రాక్టరు తన మేనబావ అయినా సరే. భూపాలపల్లిలో దవాఖాన బోర్డు ముందు ఆగితే డాక్టరు చదువు చదివేవాడు కాదు, ఇంటిపేరు చదివేవాడు. ఎవరికి ఉద్యోగం వచ్చిందని తెలిసినా మొదటి ప్రశ్న "ఓపెనా, కోటానా?" అభినందనలు ఆ తర్వాత.

తమ్ముడి కథ ఒకటి చెప్పేవాడు. తమ్ముడికి మంచి మార్కులొచ్చాయట, తక్కువ మార్కులొచ్చిన వాళ్లకు ఉద్యోగాలొచ్చాయట, తమ్ముడికి రాలేదట. వాడు ప్రైవేటు బడుల్లో అరకొర జీతాలకు పనిచేసి, చివరికి ఏమీ కాకుండా మిగిలిపోయాడట. చెబుతుంటే ఆయన కళ్లలో నీళ్లొచ్చేవి. ఆ బాధ అబద్ధమని నేననను. ఊళ్లో నాలుగు పోస్టులుంటే నలభై మంది కొట్టుకునేలా చేసినవాళ్లు ఎక్కడో ఉన్నారు. ఆ కోపం వాళ్ల మీద చూపించే దమ్ము లేక, పదమూడేళ్ల పిల్లల మీద చూపించాడు. అదీ కోపంలా కాదు, ప్రేమలా చూపించాడు.

ఒక రోజు డబ్బానిండా దూద్‌పేడా తెచ్చాడు. కొడుక్కు సర్కారు నౌకరి వచ్చింది. అందరూ చేతులు కలిపారు. నాకెందుకో నాలుక ఊరుకోలేదు.

"ఓపెనా సార్, కోటానా?" అన్నాను.

సారు కొంచెం సర్దుకుని, "ఈడబ్ల్యూఎస్‌ల వచ్చిందమ్మా. కానీ అది కోటా గాదు. అది పేదరికం" అన్నాడు. పెద్ద కులాల్లోని పేదలకని పెట్టిన కోటా అది. జనగామలో రెండంతస్తుల ఇల్లున్న హెడ్‌మాస్టరు కొడుకు పేదవాడెట్లా అయ్యాడో నేనడగలేదు. దూద్‌పేడా మాత్రం చేతిలో కరిగిపోయేదాకా పట్టుకుని, బయటికి పోయి పారేశాను.

ఇవన్నీ భరించవచ్చు. రజిత సంగతి భరించలేను.

రజిత కాటారం పక్క ఊరి దళిత పిల్ల. టెన్త్‌లో ఉంది. వాళ్ల ఊరి ట్రాన్స్‌ఫార్మర్ పేలితే బాగు చేయడానికి వచ్చిన ఒక ఇంజనీరమ్మను చూసిందట. అప్పటి నుంచి పాలిటెక్నిక్ అనే మాట పట్టుకుంది. కరెంటు ఇంజనీరునవుతానని నాతో చెప్పింది. పిల్లకు బుర్ర ఉంది, పట్టుదల ఉంది. కానీ పునాది కదులుతోంది, ఎవరో ఒకరు కూర్చోబెట్టి తప్పులు దిద్దాలి. టెన్త్ లెక్కలు సారే తీసుకునేవాడు. నాకు కింది తరగతులు ఇచ్చాడు.

ఒక మధ్యాహ్నం వాళ్ల క్లాసు పక్క నుంచి పోతుంటే ఆ గొంతు వినిపించింది. "ఇగ చాలు బిడ్డా. కూసో." కిటికీలోంచి చూశాను. రజిత చాక్‌పీస్ ఇచ్చేసి, చెవులు భద్రంగా ఉన్నందుకు నవ్వుకుంటూ వచ్చి కూర్చుంది. సారు మెత్తగా బోర్డు తుడుస్తున్నాడు.

సాయంత్రం ఆయన గదికి పోయాను.

"సార్, రజితకు లెక్క తప్పొచ్చింది. మీరు చెప్పలేదు."

"ఏ రజిత? ఆ పిల్లనా. ఆమెకు చాలమ్మా అది."

"పాలిటెక్నిక్ పోతనంటాంది సార్."

"పోతది. ఎందుకు పోదు? రిజర్వేషనుంది, సీటొస్తది. ఇగ నేనెందుకు ఆ పిల్లను పరేషాన్ జెయ్యాలె? మా పిల్లలకు తొంభై వచ్చినా దిక్కు లేదు. వాళ్లకు లెక్కలొక్కటే దిక్కు. అందుకే చెవులు పిండుత. మీకు ఆ బాధ లేదు కద."

"సీటొస్తది సార్. సీట్ల కూసున్నంక లెక్క జెయ్యొద్దా?"

ఆయనకు నిజంగా బాధ కలిగింది. కుర్చీలో వెనక్కి వాలి, "నువ్వు గూడ ఇట్ల అంటవని అనుకోలే. మీ తండా పిల్లల మీద ఒక్కనాడన్న చెయ్యెత్తిన్నా? ఒక్క మాటన్న అన్ననా?" అన్నాడు.

"కొట్టమంటలేను సార్. తప్పని చెప్పమంటున్న. చెప్పకుండ తుడిచేసిండ్రు చూడుండ్రి, అది దెబ్బ కంటె ఎక్కువ తాకింది."

"నువ్వు బాగనే ఉన్నవ్ కద ఇప్పుడు?" అన్నాడు. అని, ఫైలు తెరుచుకున్నాడు.

నేను బడి అయ్యాక రజితను కూర్చోబెట్టుకోవడం మొదలుపెట్టాను. నాలుగు నాళ్లు గడిచాయో లేదో, టెన్త్ పిల్లలను వేరే టీచర్లు తీసుకోకూడదని, గందరగోళమవుతుందని ఆర్డరు వచ్చింది. స్పెషల్ క్లాసులు కూడా తనే పెట్టాడు, మంచి గ్రేడు వస్తుందనుకున్న పిల్లలకు మాత్రమే. రజితను అందులోకి పిలవలేదు. "ఆమెకు చాలు" అన్నాడు. రజిత కూడా నా దగ్గరికి రావడం మానేసింది. "సారు చాలన్నడు మేడం. మీరే ఊకె తప్పు తప్పంటరు" అంది. తప్పు పిల్లది కాదు. తియ్యగా మాట్లాడే మనిషి ఒక పక్క, తప్పు తప్పనే నేను ఒక పక్క. ఆ వయసులో నేనైనా ఆయన వైపే ఉండేదాన్ని. ఉన్నాను కూడా.

రజితకు పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది. మొదటి ఏడాదిలోనే లెక్కలు తప్పింది. మళ్లీ రాసి మళ్లీ తప్పింది. హాస్టల్ వదిలి ఊరికి వచ్చేసి, భూపాలపల్లిలో బట్టల దుకాణంలో పనికి కుదిరింది. ఆ కబురు తెలిసిన రోజు సారు స్టాఫ్ రూమ్‌లో కూర్చుని ఉన్నాడు. లవంగం ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు మార్చాడు.

"చూసినవా?" అన్నాడు నాతో. "నేను మొదటి నుంచి చెప్తనే ఉన్న. సీటిస్తే సరిపోదు. మెదడుండాలె. పాపం, ఆ పిల్లను నేనేమంటలేను. ఈ పద్ధతే తప్పు."

పాపమట. తన చేత్తో కాళ్లు కట్టేసి, పరుగెత్తలేదు చూశారా అని ఊరందరికీ చూపించాడు. ఏడాదికి ఎంతమందిని ఇలా తయారుచేసి, మళ్లీ వాళ్లనే తన మాటకు సాక్ష్యంగా నిలబెట్టుకున్నాడో. నేను లేచి బయటికి పోయి, కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాను.

రజితకు ఫోన్ చేసి ఒకటే చెప్పాను, ఆ పరీక్ష రాసుకోవడానికి ఇంకా వీలుంది, నేను నేర్పిస్తానని. "నాకు రాదు మేడం. నాకంత తెలివి లేదు. సారు మంచోడు గాబట్టి మొఖం మీద చెప్పలే" అంది. ఎన్నిసార్లు చేసినా అదే మాట. తర్వాత సారు రిటైరయ్యారు, నేను డోర్నకల్‌కు బదిలీ అయ్యాను.

ఇప్పుడు దశదినకర్మ. జనగామలో ఫంక్షన్ హాల్, శిష్యులందరూ రావాలని గ్రూపులో కార్డు పెట్టారు. పోకూడదనే అనుకున్నాను. రజిత ఫోన్ చేసింది. "మీరు వస్తరా మేడం? నేను పోతున్న. ఒక్క దెబ్బ కొట్టలే సారు, పోకుంటె ఎట్ల?" ఆ మాట విన్నాక పోక తప్పలేదు. పొద్దున్నే రైలెక్కాను.

హాల్లో పెద్ద ఫొటో, దాని ముందు పూలు. ముందు వరుసల్లో చొక్కాలు నలగనివాళ్లు, కార్లలో వచ్చినవాళ్లు. వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో మా వాళ్లు. ఎవరూ అలా కూర్చోమనలేదు, వాళ్లే కూర్చున్నారు. రజిత చీకటితో బయల్దేరి మూడు బస్సులు మారి వచ్చింది. ఆఖరి వరుసలో, ఒళ్లో శ్రద్ధాంజలి కార్డు పెట్టుకుని కూర్చుంది. బట్టల దుకాణంలో రోజంతా నిలబడి కాళ్లు వాచాయని చెప్పింది.

సారు కొడుకు నా దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు. మర్యాదస్తుడే. "అక్కా, మీరు నాన్నకు శిష్యురాలు, కొలీగ్ కూడా. రెండు మాటలు చెప్పండి. నాన్నకు కులం పట్టింపు లేదని మీలాంటి వాళ్లు చెప్తే బాగుంటది" అన్నాడు.

మీలాంటి వాళ్లు. సరేనన్నాను. చావింట్లో చేయాల్సిన పని కాదని నాకు తెలుసు. కానీ ఆయన బతికున్నప్పుడు మర్యాదలు పాటించి ఏం బావుకున్నాం?

మైకు దగ్గర నిలబడి, "ఎక్కువ మాట్లాడను. సారు చేతిల చెవి పిండించుకున్నోళ్లు ఒకసారి చేతులెత్తుండ్రి" అన్నాను.

నవ్వులు. ముందు వరుసల్లో చేతులు లేచాయి, కొందరు రెండు చేతులూ ఎత్తారు. ఒకాయన చెవి పట్టుకుని చూపించాడు. మధ్యలో ఒకరిద్దరు బీసీవాళ్లు ఎత్తాలా వద్దా అన్నట్టు సగం ఎత్తారు.

"దింపుండ్రి. ఇప్పుడు సారు ఒక్కనాడు గూడ చెవి ముట్టనోళ్లు, 'చాలు బిడ్డా, కూసో' అనిపించుకున్నోళ్లు ఎత్తుండ్రి."

వెనక వరుసల్లో చేతులు లేచాయి, సంతోషంగానే లేచాయి. నేనూ ఎత్తాను. ఎత్తిన చేతిని దింపలేదు. ముందువాళ్లు నవ్వుతూనే వెనక్కి తిరిగి చూశారు. వెనకవాళ్లు ఎత్తిన చేతులతోనే అటూ ఇటూ చూసుకున్నారు. ఊరివాళ్లకు ఎవరు ఏ వాడో ఒకరు చెప్పాలా? నవ్వు ముందు వరుసల్లో ముందు ఆగింది. తర్వాత హాలంతా ఆగింది. ఒక్కొక్క చెయ్యీ దిగింది. రజిత చెయ్యి మాత్రం గాల్లోనే ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుని నన్నే చూస్తోంది.

సారు కొడుకు గబగబా వచ్చి, మైకు మీద మెత్తగా చెయ్యి వేశాడు.

"చాలక్కా. కూర్చోండి" అన్నాడు.

అచ్చం అదే గొంతు. నేను కూర్చోలేదు. మెట్లు దిగి, కుర్చీల మధ్య నుంచి నడిచి బయటికి వచ్చేశాను. భోజనాల వైపు పోకుండా సందు చివర చాయ్ బండి దగ్గర ఆగాను. కాసేపటికి రజిత వచ్చి పక్కన నిలబడింది.

"మేడం, మీకు గూడ చాలన్నడా సారు?"

"అన్నడు. ఎనిమిది నుంచి పది దాక, రోజూ."

"మీకు గూడనా?" అంది మళ్లీ. ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. తనలా లెక్కలు రానివాళ్లకే అనుకుంది ఇన్నేళ్లూ. తనకు తెలివి లేదని చూసి అన్నాడనుకుంది. కళ్ల నిండా నీళ్లు తెచ్చుకుని, తుడుచుకుని, "దొంగ నా..." అని ఆపేసింది. నేను ఆపమనలేదు.

చాయ్ తాగాక అడిగింది, ఆ పాలిటెక్నిక్ లెక్కల పరీక్ష మళ్లీ ఎప్పుడని. చెప్పాను. బండి బల్ల మీద కూర్చుని నా పెన్ను తీసుకుంది. రాయడానికి ఏమీ లేకపోతే చేతిలోని శ్రద్ధాంజలి కార్డు తిప్పింది. సారు ఫొటో కిందికి పోయింది. వెనక తెల్లగా ఉన్న చోట ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ వేసి, విప్పి, నా వైపు జరిపింది. ఏ స్క్వేర్ ప్లస్ బీ స్క్వేర్.

"తప్పు" అన్నాను.

రజిత కొట్టేసి మళ్లీ మొదలుపెట్టింది.